రెడ్డెప్ప సార్ ముక్కు

ఇవాళ పొద్దున భాకరాపేట ఘాట్‌లో స్కూటర్ ఆపి నిలబడి ఉంటే, కింద నుంచి ఒక లారీ మూలుగుతూ ఎక్కి వచ్చింది. చెన్నైలో సరుకు దించేసి మదనపల్లెకు తిరిగిపోతున్న టమాటా లారీ. ఖాళీ ట్రేలను ఎత్తుగా పేర్చి తాడుతో కట్టి ఉన్నారు. అది దాటిపోయాక ఆ వాసన వచ్చింది. కుళ్లిన టమాటా రసం, డీజిల్, ఎండకు కాగిన ప్లాస్టిక్ కలిసిన పుల్లటి వాసన. మామూలు మనుషులైతే ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం కుడి చెయ్యి ఎత్తి అరచెయ్యి వాసన చూసుకున్నాను. పక్కనున్న అనంతపురం కోచ్ నన్ను వింతగా చూశాడు. చూడనీ. ఈ ఏడాది రాష్ట్ర సైకిల్ పోటీల్లో రోడ్డు రేసు మా దగ్గర జరుగుతోంది. దారి ఎంత కష్టంగా ఉండాలో తేల్చాల్సింది మేమిద్దరం. ఆయనకు నా మీద అనుమానంగా ఉందని నిన్నటి నుంచీ కనిపెడుతూనే ఉన్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు, నాకు అనుమానించడం నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

రెడ్డెప్ప సార్ చంద్రగిరిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనవాడు. జిల్లాలో సైకిల్ పందెం ఎక్కడ జరిగినా దారి గీసేది ఆయనే. మనిషి బక్కపలచన, ముక్కు మాత్రం ఇంటి ముందు వసారాలాగా ముందుకు ఉండేది. ఎవరినీ నమ్మేవాడు కాదు. టీ కొట్టులో గ్లాసు చేతికిస్తే తాగేముందు వాసన చూసేవాడు. కొత్త టైరు తెస్తే గోరుతో గీకి చూసేవాడు. "ఈ దారి బాగుంది సార్" అని ఎవరైనా అంటే చాలు, "నీకెందుకు బాగుండాది?" అని నిలదీసేవాడు. ఏం మనిషిరా దేవుడా, అన్నం కూడా అనుమానిస్తూనే తింటాడేమో అనుకునేదాన్ని.

మాది కనుమకు పైనుండే భాకరాపేట. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో సైకిల్ పిచ్చి పట్టి ఆయన దగ్గర చేరాను. పొద్దున్నే కనుమ దిగడం, ఎండ ముదరకముందే మళ్లీ ఎక్కడం, అదే మా సాధన. ఇక్కడి సైకిల్ వాళ్లకు ఒక పాత అలవాటు ఉంది. ఖాళీ ట్రేల లారీ ఈ ఏటవాలులో మనం తొక్కే వేగం కంటే కాస్త ఎక్కువగా పోతుంది, అంతే. వెనక వేలాడే తాడు కొస పట్టుకుంటే కాలు కదపకుండా పైకి చేరిపోవచ్చు. పాలు పోసేవాళ్ల దగ్గర నుంచి కాలేజీ పిల్లల దాకా అందరూ చేసేదే, మేమూ చేసేవాళ్లం. అయితే తాడు పట్టుకున్న చేతికి ఆ పుల్లటి వాసన అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. అది సార్‌కు తెలుసు. ఘాట్ పైన గట్టు మీద కూర్చుని, వచ్చినవాళ్లను వచ్చినట్టు వరసలో నిలబెట్టి "చేతులు సాపండి" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కొందరు వెంటనే అరచేతులు ప్యాంటుకు రుద్దుకునేవాళ్లు. వాళ్లనైతే వాసన కూడా చూడకుండానే కిందికి పంపేసేవాడు. ఒకరోజు నా వంతు వచ్చింది.

"ఏందమ్మే సుగుణా, టమాటా వాసన కొడతా ఉండాది?"

"మాది టమాటా తోట సార్. కోతకు పోయొచ్చినాను."

"అట్లనా? అయితే ఆ తోటను ఈడనే దించేసి, కిందికి పోయి మళ్లా ఎక్కి రా."

అందరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. కోతకు పోయిన మాట నిజమే మరి! తాడు పట్టుకున్న మాట కూడా నిజమే అనుకోండి, కానీ ఆయనకెలా తెలియాలి? ఆ రోజు రెండోసారి ఎక్కుతూ దారి పొడవునా ఆయన్ను తిట్టుకున్నాను.

ఆయన అనుమానాలన్నీ చివరికి దారి దగ్గరికే చేరేవి. ఒకసారి పోటీలు జరిపే పెద్దమనుషులు వచ్చి, తిరుపతి బైపాస్ మీద చదునుగా పెడదాం, జనం చూస్తారు, ఫోటోలు బాగా వస్తాయి అన్నారు. సార్ తల అడ్డంగా ఊపాడు. "చదును మీద గుంపు చెదరదప్పా. గుంపులో ఒకరెనక ఒకరు దాక్కోవచ్చు. నువ్వు గెలువు, నేను గెలుస్తానని ముందే మాట్లాడుకోనూ వచ్చు. ఎక్కేటప్పుడు ఎవుర్ని ఎవురూ దాచలేరు. మనుషుల్ని నమ్మలేం గాబట్టే దారి కష్టంగా ఉండల్ల." మరీ కష్టమైతే పిల్లలు సగంలో దిగిపోరా అని వాళ్లు అడిగారు. "సివర వచ్చే పిల్ల కూడా పైకి చేరల్ల. ముందొచ్చే పిల్ల నవ్వతా చేరగూడదు. అంతే కష్టం. అంతకు మించి పెడితే దాన్ని పందెమనరు, పగ అంటారు" అన్నాడు సార్.

ఆ తర్వాతి ఏడాది రాష్ట్ర పోటీలు మాకే వచ్చాయి. అమ్మాయిల్లో మొదట వచ్చినవాళ్లకే జాతీయ పోటీల్లో చోటు. నాయన ఒకే మాట చెప్పాడు. "ఈ తూరి సెలెక్టయితే నీ ఇష్టం. కాలేదంటే ఆ సైకిల్ ఎవురికన్నా ఇచ్చేసి బుద్ధిగా బీఈడీ చదువుకో." నాకు గట్టి పోటీ అంటే హేమ ఒక్కతే. సార్ సొంత అక్క కూతురు. ఎక్కడంలో ఆమె నాకంటే గట్టిది. దిగడంలో నన్ను మించినవాళ్లు లేరు, ఆ మలుపులన్నీ చిన్నప్పటి నుంచి తెలిసినవి కాబట్టి. సార్ గీసిన దారి కూడా నాకు అచ్చొచ్చేలాగే ఉండింది. చంద్రగిరి కోట దగ్గర మొదలుపెట్టి, కనుమ ఎక్కి, మా ఊళ్లో తిరిగి, కనుమ దిగి, మళ్లీ కోట దగ్గర ముగించాలి. ఎక్కడంలో హేమ ఎంత ముందుకు పోయినా దిగేటప్పుడు లాగేసుకుంటాను. ఇంకేం, గెలిచేశాను అనుకున్నాను. రేసుకు కొద్దిరోజుల ముందు సార్ దారి మార్చేశాడు. ముగింపు గీత ఘాట్ పైకి వచ్చింది. దిగడమే లేదు.

ఇంట్లో ఈ సంగతి చెబితే నాయన చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని నవ్వాడు. "అయినోళ్లకు ఆకుల్లో, కానోళ్లకు కంచాల్లో పెట్టే మనిషి ఈ లోకంలో యాడన్నా ఉండాడా? మేనకోడలు బాగా ఎక్కతాది, నువ్వు బాగా దిగతావు. ఆయప్ప ఎక్కేదే పెట్టినాడు. ఇందులో అర్థం గానిదేముండాది?" అప్పటి నుంచి అన్నీ కనపడటం మొదలైంది. హేమ సైకిల్‌కు కొత్త టైర్లు కనపడ్డాయి. నేను దగ్గరికి పోగానే సార్, హేమ మాటలు ఆపేసినట్టు కనపడింది. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి? మర్నాడు కాలేజీ మానేసి నేరుగా ఆయన ఇంటికి పోయాను.

"ముగింపు పైకి ఎందుకు మార్చినారు సార్?"

కోప్పడతాడనుకున్నాను. ముక్కు గోక్కుని, "నీకెందుకు బాగలేదు?" అన్నాడు.

"హేమ కోసమే మార్చినారని ఊరంతా అనుకుంటా ఉండారు."

"ఊరిని పక్కన పెట్టు. నువ్వు అనుకుంటా ఉండావా?"

"అనుకుంటా ఉండాను సార్."

"అదీ మాట. సైకిల్ తీ, పోదాం పా."

ఘాట్‌లో ఒక మెలిక దగ్గరికి తీసుకుపోయాడు. మదనపల్లె నుంచి నిండుగా దిగే లారీలు అక్కడ వంపు తిరిగేటప్పుడు పై ట్రేల్లోంచి కాయలు రాలతాయి. వెనక వచ్చే బండ్లు వాటిని తొక్కుతాయి. రోడ్డు మీద ఎర్రటి పచ్చడి పరిచినట్టు ఉంది. సార్ దాని మీద చెప్పు పెట్టి నెట్టాడు. చెప్పు జర్రున జారిపోయింది.

"ఇది ఈడ ఉంటాదని నీకు తెలుసు గదా?" అన్నాడు.

"తెలుసు సార్. గట్టు పక్క నుంచి పోతాను."

"శ్రీకాకుళం నుంచి వచ్చే పిల్లకి తెలుసునా?" నేనూ చెప్పు పెట్టి చూశాను. "కష్టం ఊపిరికి పెట్టొచ్చమ్మే, ఎముకలకు పెట్టగూడదు. ఎక్కేటప్పుడు ఓడిపోయినోళ్లు మళ్లా ఏడాది వస్తారు. దిగేటప్పుడు ఓడిపోతే..." అని ఆపేసి, చెప్పును గడ్డిలో తుడుచుకున్నాడు.

"మరి మొదట దిగేది ఎందుకు పెట్టినారు?"

"మొదట చెప్పిన తేదీ టమాటా కాలం గాదు. పోటీలు పెట్టేవాళ్లు తేదీ మార్చినారు. నేను దారి మార్చినాను."

జవాబు సరిగ్గానే ఉంది. మరీ అంత సరిగ్గా ఉండటమే నాకు నచ్చలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న విద్య ఊరికే పోతుందా?

రేసు రోజు కనుమ మొదట్లోనే గుంపు చెదిరిపోయింది, ఆయన చెప్పినట్టే. ముందు హేమ, కొంచెం వెనక నేను. మిగతావాళ్లు ఎక్కడో కింద ఉన్నారు. బండ్లన్నీ కిందనే ఆపేశామన్నారు. అయినా అటవీ చెక్‌పోస్టు దగ్గర నిలిపిన ఒక ఖాళీ ట్రేల లారీని ఎవరో వదిలేసినట్టున్నారు. అది నన్ను దాటిపోతుంటే తాడు కొస నా మొహం ముందే ఊగుతూ పోయింది. నేను పట్టుకోలేదు. లారీ హేమను అందుకుంది, రెండూ కలిసే మలుపు తిరిగాయి. నేను మలుపు తిరిగేసరికి మా ఇద్దరి మధ్య దూరం ఇంకా పెరిగింది. గీత దాటగానే, ఊపిరి అందకపోయినా అరిచేశాను. "లారీని పట్టుకున్నింది!"

"అమ్మతోడు, నేను పట్టుకోలా!" అని హేమ ఏడుపు మొదలుపెట్టింది. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. జనం మూగారు. అందరి కళ్లూ సార్ మీదే ఉన్నాయి. ఆయన నెమ్మదిగా వచ్చి హేమను చేతులు చాపమన్నాడు. ముక్కు మాత్రం దగ్గరికి పెట్టలేదు.

"నేను దీని మేనమామను. నా ముక్కును ఎవురు నమ్ముతారు? సుగుణా, నువ్వు సూడు."

పోటీలు జరిపే పెద్దమనిషి ఒకాయన అదిరిపడ్డాడు. "అదేంది సార్, రెండో స్థానంలో వచ్చింది ఆ పిల్లే గదా! వాసన ఉందంటే గెలిచేది తనే గదా!"

"అందుకే. ఈడ అందరికంటే అనుమానం ఎక్కువుండేది దానికే. దాని ముక్కు దేన్నీ వదిలిపెట్టదు. అది ఉండాదంటే ఉండాది, లేదంటే లేదు."

హేమ చేతులు నా వైపు చాపింది. జనంలో నాయన మెడ చాచి చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు, సైకిల్ నాది, జాతీయ పోటీలు నావి. నిజమా అని అడిగేవాళ్లు కూడా లేరు. కుడి చెయ్యి వాసన చూశాను. ఎడమ చెయ్యి చూశాను. మళ్లీ కుడి చెయ్యి. ఆ పుల్లటి వాసన దొరకాలని నేను ఎంత వెతికానో నాకే తెలుసు. చెమట ఉంది, హ్యాండిల్ రబ్బరు వాసన ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

"లేదు సార్" అన్నాను. "చెమట వాసనే."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఒక్క మెచ్చుకోలు మాట లేదు. నేను రోడ్డు పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "వాసన నిజంగా లేదా?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. నాయన లేచి, "అయితే లెయ్యి, పోదాం. సైకిల్ నేను తోసుకొస్తాలే" అన్నాడు. దాన్ని ఎవరికో ఇచ్చేసే మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

హేమ తాడును రుమాలుతో పట్టుకుందో, అసలు పట్టుకోనే లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అనుమానం పోయిందంటే అబద్ధం. నా ముక్కుకు తెలిసినంత చెప్పాను, అంతే. కొన్నాళ్లకు సార్ మా ఇంటికే వచ్చి, "పలమనేరులో రేసు ఉండాది. దారి సూసేదానికి నువ్వు కూడా రా. నన్ను నమ్మని మనిషి ఒకరు పక్కనుండల్ల" అన్నాడు. పోయిన ఏడు ఆయన కన్నుమూసేదాకా ప్రతి దారికీ వెంట పోయాను. ఆయన ఏ మలుపు బాగుందన్నా, "మీకెందుకు బాగుండాది సార్?" అని అడిగేదాన్ని. అప్పుడు మాత్రం ఆ ముక్కు కింద నవ్వు కనపడేది. ఆ నవ్వు ఇప్పుడు లేదంటే ఏడుపొస్తుంది.

ఇవాళ అనంతపురం కోచ్ చివరికి నోరు తెరిచాడు. "మేడం, మీ దగ్గర నేర్చుకునే పిల్ల కనుమలు బాగా ఎక్కుతుందంట గదా. అందుకేనా ముగింపు పైన అంటా ఉండారు?" మొదట ఒళ్లు మండింది. మరుక్షణం ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన్ను ఆ మెలిక దగ్గరికి తీసుకుపోయి ఎర్రటి పచ్చడి చూపించాను. బూటు పెట్టి నెట్టి చూశాడు, జారింది. "తేదీ మార్చొచ్చు గదా?" అన్నాడు, ఇంకా నమ్మకుండా. నాకు ఆ మనిషి తెగ నచ్చేశాడు.

"మార్చమని అడిగాను, ఒప్పుకోలేదు. మీరూ అడిగి చూడండి" అన్నాను. "రేసు రోజు మాత్రం గీత దగ్గర చేతులు వాసన చూసేది మీరే. మొదట మా పిల్ల చేతులు."

"నేనా? నాకేం తెలుస్తుంది మేడం?"

ఇంతలో ఇంకో ఖాళీ లారీ ఎక్కి పోయింది, అదే వాసన. నా కుడి చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి పోయింది. ఈసారి ఆయన వింతగా చూడలేదు. అటూ ఇటూ చూసి, తన అరచెయ్యి కూడా మెల్లగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.