మేస్త్రి గారి మట్టి చేపలు

మా పక్కింటి మేస్త్రి గారు పోయారు. పోయిన శనివారం పొద్దున నేను కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలుచుంటే, వాళ్లమ్మాయి గోడ మీంచి పిలిచి, "పంతులమ్మ గారూ, మా నాన్న ఎలిపోనారండి" అంది. బిందె నిండి పొర్లిపోతోందని వెనక వాళ్లు కేకలేస్తే గానీ నాకు స్పృహ రాలేదు. ఏళ్ల తరబడి ఆయన దగ్గు గోడకవతల నుంచి వింటూనే ఉన్నాను. అయినా ఆ కబురు తట్టుకోలేకపోయాను.

మేస్త్రి గారంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. వన్ టౌన్‌లో మా వీధి చివర ఒక చిన్న ఫౌండ్రీ ఉంది. రేవులో క్రేన్లకు కప్పీలూ, ఓడలకు బేరింగులూ పోత పోస్తారు. పోత పొయ్యాలంటే ముందు ఇసుకలో అచ్చు తియ్యాలి. ఆ అచ్చులు తీసే మోల్డర్లందరికీ ఆయన పెద్ద. ముప్పై ఏళ్లు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని పని చేసిన మనిషి. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయల్దేరినా గోళ్లలో నలుపు మాత్రం పోయేది కాదు.

నాలుగైదేళ్ల కిందట, డెబ్బయ్యో దశకం చివర్లో ఒక సాయంత్రం ఆయన గాజు జాడీ ఒకటి గుండెకు హత్తుకుని మా గుమ్మంలోకి వచ్చారు. లోపల వేలెడంత చేపలు ఆరు.

"ఓడ మీద పనికెల్తే అక్కడి వంటోడు ఈటిని సముద్రంలో పారబోత్తానన్నాడండి. మంచినీళ్ల సేపలట, ఉప్పునీళ్లలో ఒక్కటీ బతకదు కదా అని పట్టుకొచ్చీసినాను. ఏటి సేపలివి? ఏటి తింటాయి? మీరు సేపల సదువు సదివారు కదా."

నేను ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతాను. పంతులమ్మని కాదండీ, లెక్చరర్ని అని పదిసార్లు మొత్తుకున్నాను, వింటేనా! సరే, మర్నాడు లైబ్రరీలో వెతికాను. దక్షిణ అమెరికా నదుల చేపలు. మన చెరువుల్లోని తిలాపియాకు దూరపు చుట్టాలు. జియోఫేగస్ అని పేరు, అంటే మట్టి తినేది. చదివి తలాడించాను గానీ, ఆ పేరు చెబుతున్న మాట నా బుర్రకెక్కలేదు. అక్వేరియం అన్నాక అడుగున రంగురాళ్లుండాలన్నది మా ఊళ్లో అందరి నమ్మకం. నేనూ వెళ్లి ఎర్రవీ నీలివీ రాళ్లు కొనుక్కొచ్చి తొట్టిలో పోశాను. మూడోరోజు పొద్దునకి ఒక చేప నోట్లో నీలిరాయి ఇరుక్కుని చచ్చి తేలింది.

"మట్టి తినేదానికి రాళ్లు పెడతారేటండీ, సదువుకున్నోరు?" అన్నారు మేస్త్రి గారు. ఆ సాయంత్రమే ఫౌండ్రీ నుంచి నల్లటి మెత్తటి ఇసుక సంచీడు తెచ్చి, "ఇంత మంచి ఇసక ఈ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు" అంటూ గర్వంగా పోశారు. అచ్చు నిలవడానికి ఆ ఇసుకలో బంకమన్నూ బెల్లపు మడ్డీ కలుపుతారు. ఆయన చేత్తో ఆయనే కలిపేవి, చేపల దగ్గరికి వచ్చేసరికి గుర్తుకే రాలేదు! తెల్లారేసరికి తొట్టి టీ రంగుకు తిరిగింది. ఇంకో రెండు పోయాయి.

ఆయన మా మెట్టు మీద కూలబడ్డారు. "మీరు రాయితో, నాను ఇసకతో... ఇద్దరం కలిసి సంపేసినాం పంతులమ్మ గారూ" అన్నారు. తర్వాత లేచి లుంగీ దులుపుకుని, "ఈ మూడింటినీ మాత్రం సావనియ్యను" అన్నారు.

ఆ మనిషి అన్నాడంటే అన్నట్టే. ఏటి ఇసుక తెప్పించారు. ఫౌండ్రీ జల్లెడతో మూడుసార్లు జల్లించారు. ఆ ఎండాకాలం కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వీధిలో జనం బిందెల కోసం జుట్లు పట్టుకుంటుంటే ఈయన ఇసుక కడుగుతూ కూర్చున్నారు. ఆడవాళ్లు ఊరుకుంటారా? "నా తానం నీళ్లండి ఇవి, మీయి కావు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, నాలుగు రోజులు నిజంగానే స్నానం మానేశారు. కడిగిన నీళ్లలో తన మొహం కనిపించేదాకా కడుగుతూనే ఉన్నారు.

ఆ ఇసుక పోశాక చేపలు తల కిందికి వంచాయి. నోటినిండా ఇసుక తీసుకుని రెండుసార్లు నమిలాయి. తిండి లోపలే ఉండిపోయింది, ఇసుక మొప్పల్లోంచి రెండు పక్కలా సన్నగా జారిపోయింది. నేను పాఠంలోలాగా తిండిని వడగట్టే మొప్పల ముళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వినడంలేదు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నారు. చూస్తూ చూస్తూ దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక మెల్లగా అన్నారు.

"సూసారా. కావాల్సింది తిని, ఇసకని ఒగ్గేత్తంది. నాను ముప్పై ఏళ్లు ఇసక మింగీసినాను. ఒక్క రేణువు ఒగ్గలేదు."

నిజం చెప్పక తప్పలేదు. ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే బయటికి రాదని, మందు కూడా లేదని చెప్పాను. ఆయన తన సంగతి అడగలేదు. "మరి మా గుంటల సంగతేటి?" అన్నారు. గుంటలంటే కుర్రాళ్లు, ఆయన కింద పనిచేసే మోల్డర్లు. అందులో ఆయన అల్లుడు ఒకడు.

అచ్చు తీశాక లోపల మిగిలిన పొడి ఇసుకను మోల్డర్లు నోటితో ఊదుతారు. తోలుతిత్తి ఉన్నా ముట్టుకోరు. నోటితో ఊది అంచు చెదరకుండా తీసినవాడే మొనగాడని లెక్క. ఆ లెక్క నేర్పింది మేస్త్రి గారే. ఊదితే ఇసుక ఎగిరి మొహాన పడుతుంది, ఆ గాలే మళ్లీ పీలుస్తారు.

ఆ వారం నుంచి ఆదివారం చర్చి అయ్యాక మోల్డర్లను ఇద్దరిద్దరిగా మా ఇంటికి లాక్కొచ్చేవారు. నన్ను చెప్పమనేవారు. నేను చెబుతుంటే వాళ్లకు ఆవులింతలు. అప్పుడు ఆయనే తొట్టి చూపించి, "దానికి మొప్పలున్నాయి. నీకున్నాయేటి? లేకపోతే ఇసక తడుపు, ముక్కుకి గుడ్డ కట్టు" అనేవారు. ఆ ముక్క చాలేది. ఒక్కొక్కరే దారిలోకొచ్చారు. అల్లుడు మాత్రం గడప తొక్కలేదు. "సేపని సూసి మనిషి బతకాలా ఏటి మావా? మూతికి గుడ్డ కడితే అందరూ నవ్వుతారు" అన్నాడట.

ఒకరోజు అల్లుడు పెద్ద కప్పీ ఒకదానికి అచ్చు తీశాడు. పొద్దుటి నుంచీ పడ్డ కష్టం. చివర్లో వంగి నోటితో ఊదాడు. మేస్త్రి గారు వచ్చి ఆ అచ్చును కాలితో తన్నేశారు, అందరి ముందూ. మోల్డరుకు అంతకన్నా అవమానం లేదు. అల్లుడు అప్పటికప్పుడే ఇంటికెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకో ఫౌండ్రీలో చేరాడు, మామగారితో మాట్లాడలేదు, ఇంటికీ రాలేదు. కూతురు ఒక్కతే వచ్చి ఏడ్చి వెళ్లేది. నాకూ కోపమొచ్చింది. అంత మొండితనం ఎందుకండీ, వెళ్లి ఒక మంచిమాట చెప్పకూడదా అని గట్టిగానే అడిగాను.

"మాటాడకపోతే మాటాడకపోనీండి. ఊపిరుంటే ఎప్పుడో ఒకప్పుడు మాటాడతాడు" అన్నారు.

ఎప్పుడో ఒకప్పుడు అనుకుంటూ నాలుగేళ్లు గడిచిపోయాయి. మూడు చేపల్లో రెండు జోడు కట్టాయి. పలకరాయి మీద గుడ్లు పెట్టి, దగ్గరికి వచ్చిన మూడోదాన్ని తరిమి, పిల్లలను పైకి తెచ్చాయి. వాటి సంతానం ఇప్పుడు మా కాలేజీ లాబ్‌లో ఉంది. మేస్త్రి గారు మాత్రం పని మానేసి మంచం పట్టారు. పది అడుగులేస్తే ఆయాసం. చూడ్డానికి వచ్చిన ప్రతి మోల్డరునీ ఒకే మాట అడిగేవారు. "ఆడు గుడ్డ కట్టీనాడా?" "అడిగితే మాట దాటేత్తన్నాడు మేస్త్రీ" అనేవారు వాళ్లు. "రేపు మళ్లీ సెప్పండర్రా" అని అటు తిరిగి పడుకునేవారు. ఒక్కరోజు కూడా విసిగి వదిలేయలేదు. నేను ముప్పైమందికి పాఠం చెబుతాను, ఒక పిల్ల వినకపోతే పోనీలే అనుకుంటాను. ఆయన్ని చూశాక అలా అనుకోవడం నాకు సిగ్గుగా ఉంది.

శనివారం సాయంత్రమే సమాధి. పాస్టరు గారు ప్రార్థన ముగించాక అందరం పిడికెడు మన్ను వేశాం. తర్వాత ఇద్దరు మనుషులు పారలు అందుకున్నారు. ఎండకు పొడి పొడిగా ఎండిన ఎర్రమట్టి. మొదటి పార పడగానే దుమ్ము లేచి మా మొహాల మీదికి వచ్చింది.

"ఆగండి!" అని గోడ దగ్గర నుంచి కేక. అల్లుడు. అప్పటిదాకా దూరంగానే నిలబడ్డాడు. పనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మెడలో పాత గుడ్డపీలిక ఒకటి వేలాడుతోంది. ముక్కుకు ఆనే చోట అది నల్లగా ఉంది. ఒకరోజు నలుపు కాదది, ఎన్నో నెలలది.

మొక్కలకు పెట్టిన డ్రమ్ములోంచి బకెట్టుతో నీళ్లు తెచ్చాడు. మట్టికుప్ప మీద చేత్తో చిలకరించాడు, పారతో తిరగేశాడు, మళ్లీ చిలకరించాడు. అచ్చు ఇసుకను చూసినట్టు పిడికెడు మట్టి తీసి బిగించి చూశాడు.

"ఇప్పుడు పొయ్యండి. నెమ్మదిగా పొయ్యండర్రా" అన్నాడు. "మా మావకి దుమ్ము పడదు."

తడిమట్టి మెత్తగా దిగింది. అల్లుడు బకెట్టు పట్టుకుని ఇంకోసారి డ్రమ్ము దగ్గరికి నడిచాడు.