అవిసె పొడి డబ్బా

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న ఏడాదే నాకు నెలసరి ఆగింది. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు లేచేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై వాటాలో ఉండే గుంటూరావిడది నా ఈడే. రోజూ చెంచాడు అవిసె పొడి తింటే, రెండు నెలల్లో ఆమెకు సెగలు తగ్గిపోయాయి. నాకూ ఓ డబ్బా ఇచ్చింది. తిన్నాను, తగ్గలేదు. చెమట పట్టని ఆమె మొహం చూస్తే కడుపు మండేది.

ఓ బంద్ రోజు బస్సుల్లేక ఇంట్లోనే ఉండి, పై వాటాకెళ్లి, ఆమె గింజలు వేయించి పొడి కొడుతుంటే పక్కనే నిలబడి చూశాను.

"అక్కా, గిందుల ఇంకేమన్న కలుపుతున్నరా?"

"అయ్యో, మీ ముందే వేయించాను కదండీ!"

ఎల్బీనగర్ డాక్టరమ్మను అడిగితే, "గింజల్ల మన హార్మోన్ లాంటిది జర ఉంటది గానీ, అందరికీ ఒక్కతీరు పని చెయ్యదమ్మా," అన్నది.

పొరుగింటి గిన్నెను మేం ఎన్నడూ ఖాళీగా తిరిగివ్వం. ఆ రోజు డబ్బా కావాలనే ఖాళీగా ఇచ్చాను. పొడి అయిపోయిందనుకుని, సాయంత్రానికి నిండుగా నింపి తెచ్చింది.

నన్ను మోసం చేసి ఉంటే, ఆమెను ఎప్పుడో క్షమించేదాన్ని.