మొదటి షిఫ్టులో మాయమైన ఆఖరి పేజీలు

మొన్న మా అమ్మాయి బడి పుస్తకాలకు అట్టలు వేద్దామని పాత కాగితాలు దులిపితే, నాసిరకం కాగితపు వాసన గుప్పుమని గోదావరిఖనిలోని మా క్వార్టర్ల వరుస కళ్లముందుకొచ్చింది.

ఆ వరుస చివరింట్లో ఉండే సుశీలక్క బడిలో టీచరు. డిటెక్టివ్ నీలకంఠం కథలు నెలకో భాగం చొప్పున వందకు పైగా వచ్చాయి. అక్క ప్రతి భాగం కొని, చదివి, వీధికంతా ఇచ్చేది. ఎంత ఊడ్చినా తెల్లారేసరికి బొగ్గుపొడి పరుచుకునే వాకిట్లో, దసరా సెలవుల్లో ఒక చేత మక్క సత్తుముద్ద, ఇంకో చేత పుస్తకం పట్టుకుని, బతుకమ్మ పేర్చడానికి అమ్మ పిలిచే పిలుపులు వినపడనట్టు కూర్చునేదాన్ని. పుస్తకం ముందు పక్కింటి రాజం కాకకు, ఆయన దగ్గర్నుంచి నాకు వచ్చేది. కాకా, మా బాపూ ఒకే బొగ్గుబాయిలో, అంటే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లు.

ఒక ఏడాది మూడు భాగాలకు ఆఖరి పేజీలు లేవు. హంతకుడెవరో తెలియక నేనే కొట్టుకుంటుంటే, చింపింది నేనేనని సుశీలక్క తేల్చేసింది. చిరిగే వచ్చాయని ఎంత మొత్తుకున్నా, పెద్దమనిషి మీద చెప్తావా అని గద్దించి, ఇక నీకు పుస్తకం లేదు పొమ్మంది. ఆ మాట పడ్డానని ఏడుపొచ్చింది. నీలకంఠం లేని నెలలు తలచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది.

ఏడుపు ఆగాక బుర్ర పనిచేసింది. మా వీధి పిల్లలకు వారాల పేర్లకంటే నాన్నల షిఫ్టులే బాగా గుర్తుండేవి. చిరిగిన మూడూ బాపు తెల్లారే మొదటి షిఫ్టుకు పోయిన వారాల్లో వచ్చినవే. మిగతా షిఫ్టుల్లో వచ్చినవి నిక్షేపంగా ఉన్నాయి. ఆ మిగతా వారాల్లో కాకకు పగలు చదువుకునే తీరిక ఉండేది. మొదటి షిఫ్టయితే రాత్రి మొదలుపెట్టిన కథ ముడి విడే వేళకు తెల్లారి సైరన్ కూసేది.

మర్నాడు మధ్యాహ్నం కాక డ్యూటీ దిగి వస్తుంటే సుశీలక్కను లాక్కొచ్చి ఎదురు నిలబెట్టాను.

"కాకా, ఆఖరి పేజీలు బాయిల చదివినవా?"

కాక తల గోక్కుని, సద్దిసంచి అడుగు నుంచి మసిపట్టిన మడతలు తీశాడు. పుస్తకమంతా పట్టుకుపోతే పైవాళ్లు తిడతారని, పేజీలే చింపుకుపోయి సద్ది తినేటప్పుడు తలదీపం వెలుతురులో చదివాడట. బొగ్గంటి పాడయ్యాయని సిగ్గుపడి తిరిగివ్వలేదట. నింద నామీద పడిందని ఆయనకు తెలియనే తెలియదు.

"తప్పు నాదే సుశీలమ్మా, బిడ్డది గాదు" అన్నాడు.

సుశీలక్క వీధంతా వినేలా చెప్పింది: "ఇగ కొత్త భాగం అస్తే ముందుగాల నువ్వే చదువు. నీ ఎనుకనే మీ కాక."

ఆ రోజు నేను నేలమీద నడవలేదు. మూడు ముగింపులూ గడపలోనే కూర్చుని, వేళ్లు నల్లబడేదాకా చదివాను.

ఇప్పుడు ఆ వరుస లేదు, కూల్చేశారు. ఆ బాయి మూతపడింది. నీలకంఠం కొత్త భాగాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. కాక రిటైరై సొంతూరు చేరాడు. నేను చూడబోతే చాలు, ఇరుగుపొరుగును పిలిచి మరీ గర్వంగా చెప్తాడు: "నన్ను పట్టుకున్న పోరి ఈమెనే."