నిండుకున్నదన్న మాట

మా మనవరాలు డిగ్రీ చదువుతోంది. మా గద్వాలలో మగ్గాల ఇళ్ళన్నీ తిరిగి, ఒకే ప్రశ్న అందరినీ అడిగి, వచ్చిన జవాబులన్నీ కలిపి చూసి సంగతేమిటో తేల్చాలని మొన్న కాలేజీలో పని అప్పజెప్పారట. ముందు ప్రశ్న గట్టిగా ఉండాలని పంతులమ్మ చెప్పిందట. అందుకని ఒకటి రాసుకొచ్చి, నా మంచం మీద కూర్చుని చదివి వినిపించింది. "మీ ఇంట్లో నూలు ఉందా, లేదా?" ఆ మాటలు మా గడప ముందు నేనొకసారి విన్నవే. నాది సంతకం వరకే వచ్చిన చదువు, నేను చెబుతుంటే ఈ నాలుగు ముక్కలూ ఆ పిల్లే రాస్తోంది. నా ఈడు వాళ్ళెవరైనా ఇంకా ఉంటే, సగం చెప్పేసరికే మిగతా సగం వాళ్ళకు తెలిసిపోతుంది.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో మాకేం తెలుసు, నూలు రావడం మానేసిందన్న సంగతి ఒక్కటే తెలుసు. అప్పటికి అమ్మ పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టే ఈడు నాది. గద్వాల చీరకు అంచు పట్టుది, ఒళ్ళు నూలుది. అంచుకు కావలసిన పట్టు పెట్టెలో కొంచెం ఉంది గానీ ఒంటికి నూలు పోగు లేక, నాయన కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలో పిల్లి పడుకునేది. నూలు ఎక్కడైనా దొరుకుతుందేమోనని నాయన అయిజ సంతకు పోయిన శుక్రవారం నాడే, ఎవరికి నూలు అవసరమో రాసుకోవడానికి సర్కారు మనిషి ఒకాయన మా వీధికి వచ్చాడు. పట్నంలో ఉర్దూ చదువు చదివినవాడు, తెలుగు వచ్చీరాని వాడు, పాపం మర్యాద తెలిసినవాడు. చెప్పులు బయట విడిచి, గడప అవతలే నిలబడి అడిగాడు.

"అమ్మా, మీ ఇంట్ల నూలు ఉన్నదా, లేదా?"

అప్పుడే గడపకు పసుపు రాసి లేచిన అమ్మ, శుక్రవారం పూట లేదన్న మాట నోట ఎలా పలుకుతుంది? బియ్యం అయిపోయినా, నూనె అయిపోయినా మన ఇళ్ళలో లేదనకూడదు కదా, నిండుకుందనే కదా అనేవాళ్ళం. తల మీది కొంగు సర్దుకుని, "నిండుకున్నదయ్యా" అంది.

ఆయన ముఖం విప్పారింది. "అచ్ఛా! మంచిదమ్మా, ఎప్పటికీ గిట్లనే నిండుగ ఉండాలె" అని దీవించినట్టు చెప్పి, రాసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ ఎంత సంబరపడిందో. "ఎంత మంచోడే, మన కష్టం ఎరిగినోడు" అని ఆ సాయంత్రమంతా చెప్పుకుంది.

నూలు పంచిన రోజు నాయన వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వీధికి పెద్ద అయిన మా పెదనాయన అందరి ముందూ ఎగతాళి చేశాడట. "ఏందిరా తమ్మీ, ఇంట్ల నిండ నూలు పెట్టుకొని మా నోటికాడిది గుంజుకోనీకి వస్తివా?"

"ఆ సర్కారాయనకు ఏమని చెప్పినవే?" అని నాయన అమ్మను అడిగాడు.

"ఏమంట? నిండుకున్నదన్న. శుక్కురారం పూట లేదని ఎట్లంట?"

నాయన ముందు నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, ఆ తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాడు ఆ సర్కారు మనిషిని వెతుక్కుంటూ వనపర్తి పోతే నాగర్‌కర్నూల్ పోయాడన్నారు, అక్కడికీ పోయి పట్టుకుంటే ఆయన తలకొట్టుకుని బాధపడ్డాడట, కానీ అప్పటికే నూలంతా పంచేశారు. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెల్వదన్నాడట. మగ్గం ముందు ఉత్తినే కూర్చోలేక నాయన సోలాపూర్ మిల్లుకు పోయాడు. పొద్దున పోతూ నా తల నిమిరి, నూలు రాగానే వస్తానన్నాడు.

నూలైతే వచ్చింది. నాయన రాలేదు. జ్వరంతో అక్కడే పోయాడని, ఆయనతో పోయినవాడొకడు ఆయన కంబళి తెచ్చి అరుగు మీద పెట్టి చెప్పాడు.

ఆనాడు ఇంటికి చేరిన చుట్టాలకు వండటానికని మేనత్త వంటింట్లోకి వెళ్ళి, "వదినా, బియ్యం యాడ పెట్టినవ్?" అని అడిగింది.

"లేవు" అంది అమ్మ.

మేనత్త నివ్వెరపోయింది. "గట్లంటరా వదినా? నిండుకున్నయనాలె."

"ఇంక ఎవరి కోసం నిండుకోవాలె?" అంది అమ్మ. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, శుక్రవారమైనా పండుగైనా, లేనిదాన్ని లేదనే అంది.

ఇదంతా విని మనవరాలు తన ప్రశ్న కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మరి ఎట్ల అడగాలె అవ్వా?" అంది. ఉందా లేదా అని అడిగితే మనిషి తన మర్యాద చూసుకుని జవాబు చెబుతుంది తల్లీ, మగ్గం మీంచి కడపటి చీర ఎప్పుడు దిగింది, ఆ తర్వాత ఎందుకు ఆగింది, అది అడుగు అన్నాను. రాసినదాన్ని కొట్టేసి, అదే రాసుకుంది. ఆనాడు మా గడప ముందు నిలబడిన మనిషికి ఆ రెండు మాటలు తోచి ఉంటే ఎలా ఉండేదో, ఇప్పుడు అనుకుని ఏం లాభం.

తర్వాత టీ పెడతానని లోపలికి పోయి, అక్కడి నుంచే కేకేసింది. "అవ్వా, చక్కెర లేదు!"

ఈ పిల్లల మాట ఎంత తేటగా ఉంది, పొరపడటానికి తావే లేదు. మంచిదే. అయినా నిండుకుందన్న ఆ మాట నా గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడది నేనన్నా, ఈ కథ విన్న పిల్ల తప్ప మిగతా వాళ్ళంతా ఏం నిండిందని అడుగుతారు.