గొలుసు వెయ్యి ఇరవై

కాటా బాబాయ్ చెయ్యి ఖాళీగా ఉండకూడదు. ఉంటే జేబులోకి పోతుంది. జేబులోకి పోతే సిగరెట్టుతో బయటికొస్తుంది. పాతికేళ్లుగా ఇదే వరస.

ఆయన పని లారీలు తూచే కాటా దగ్గర. ఖాళీ లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడుతుంది. ఆయన గాజు కిటికీ వెనకనుంచి అంకె చూసి చీటీ రాస్తాడు. సరుకు నింపుకుని తిరిగొస్తుంది, మళ్ళీ అంకె, మళ్ళీ చీటీ. రెండు లారీల మధ్య ఒక సిగరెట్టు. "అంత బరువెక్కడిది బాబాయ్, ఇంకోసారి చూడు" అని డ్రైవర్లు కిటికీలో తల పెట్టి గింజుకుంటారు. ఆయన చూడడు. "పలక చెప్పింది, నేను రాశాను. ఇక్కడ నాకు కళ్లే ఉన్నాయి, బుర్ర లేదు" అంటాడు. అదేదో పెద్ద బిరుదైనట్టు ఛాతీ విరుచుకుని మరీ అంటాడు.

అలాంటి మనిషికి హెర్నియా వచ్చింది. ఒకసారి ఇరుక్కుని ఆయన్ని నేల మీద మెలికలు తిప్పి, దానంతటదే వెనక్కెళ్లింది. ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. చెయ్యాలంటే షరతు పెట్టాడు.

"నాలుగు వారాలు ఒక్క సిగరెట్టు కూడా వద్దు. తాగితే దగ్గొస్తుంది, దగ్గితే నేనేసిన కుట్లు ఊడొస్తాయి. ఆపరేషన్ రోజు పొగ వాసన తగిలిందో, వచ్చిన దారినే పంపించేస్తాను."

పంపించేస్తే ఏమవుతుందో పిన్నిని పక్కకి పిలిచి చెప్పాడు. ఈసారి ఇరుక్కుంటే దానంతటది వెనక్కెళ్తుందన్న నమ్మకం లేదట. పిన్ని అంటే బాబాయ్ భార్య. ఆవిడ ఆ మాట ఇంటికొచ్చేదాకా మోసి, చెప్పులు విప్పుతూనే మొగుడి నెత్తిన దింపేసింది. బాబాయ్ జేబులోని పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు. ఐదు నిమిషాల తర్వాత బుట్టలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే పిన్ని బుట్టతో సహా లాక్కుంది.

కాటాకి నెల సెలవు. ఇంట్లో మొదటి రోజు, కారని కుళాయిని విప్పి కారేలా బిగించాడు. రెండో రోజు టీవీ రిమోట్ విప్పాడు. మూడో రోజు వంటింటి డబ్బాలన్నీ బరువు ప్రకారం సర్దాడు, ఉప్పు ఎక్కడుందో ఆయనకే తెలియలేదు. నాలుగో రోజు పిన్ని చీర కొంగు నడుముకి దోపింది.

"మీరు సిగరెట్టు మానేస్తున్నారో, నన్ను చంపే పని మొదలెట్టారో తేల్చండి. లేవండి, మా అమ్మ దగ్గరికి."

వాళ్లమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. మధ్యాహ్నాలు ఆవిడ హాల్లో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని క్రోషియా అల్లుతుంటారు: ఫోన్ సంచులు, పసిపిల్లల మేజోళ్లు, టీ గ్లాసు తొడుగులు. అత్తగారు వాళ్లందరినీ "ఏమే, ఒసే" అంటూ దడదడలాడిస్తుంది. అల్లుడి దగ్గర మాత్రం గొంతు మారిపోతుంది. ఇరవై రెండేళ్లలో ఆయనతో మాట చివర 'అండి' లేకుండా మాట్లాడిన పాపాన పోలేదు.

"ఇలా కొక్కెం దూర్చండి బాబూ. దారం తగిలించండి. లాగండి. అదేనండి గొలుసు కుట్టు."

ఒక మధ్యాహ్నమంతా కూర్చుని గొలుసు కుట్టు, పొట్టి కుట్టు నేర్చుకున్నాడు. హాలంతా మూతులు బిగించి నవ్వుకుంది. ఒకావిడ ఆగలేక, "అల్లుడన్నాక అల్లాలి కదమ్మా" అనేసింది. బాబాయ్ నవ్వలేదు. ఆయన చెయ్యి గంటసేపు జేబు వైపు వెళ్లలేదు. ఆ సంగతి గమనించి తనే ఉలిక్కిపడ్డాడు.

వచ్చేటప్పుడు అత్తగారు ఆకుపచ్చ ఊలు ఉండలు, ఒక కొక్కెం సూది, ఒక చీటీ ఇచ్చింది. చీటీలో ఇలా ఉంది:

టీ గ్లాసు తొడుగు
గొలుసు వెయ్యి ఇరవై
చివరలు కలపాలి
గుండ్రంగా నాలుగు వరసలు పొట్టి కుట్టు

బాబాయ్ చదివాడు. వెయ్యి ఇరవై. కొంచెం ఎక్కువే అనిపించింది. కానీ అంకెతో వాదించడం ఆయన వంశంలో లేదు. మొదలుపెట్టాడు.

మూడో రోజుకి గొలుసు కుర్చీ కాళ్లని చుట్టేసి, మంచం కిందికెళ్లి, అవతలి వైపు తేలింది. వంద కుట్లకొక కాగితం ముక్క కట్టి లెక్క పెట్టుకుంటున్నాడు. పిన్నికి అల్లిక రాదు గానీ గ్లాసెంతుంటుందో తెలుసు. చీటీ తీసి చూసింది. ఇంకోసారి చూసింది. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

"అమ్మా, నువ్వు గొలుసు వెయ్యి అని రాశావు చూడు, ఆయన దాన్ని వెయ్యి చేశారే."

"వెయ్యమనేగా రాశాను?"

"వెయ్యమని కాదే, వెయ్యి! వందలు, వేలు, ఆ వెయ్యి! నాలుగొందలు దాటించారు."

అవతల మంచం కిర్రుకిర్రుమంది. ఆవిడ నవ్వుకి మంచమే ఊగుతోంది.

"సిగరెట్టో?" అంది చివరికి.

"ముట్టుకోలేదమ్మా."

"అయితే నోరు మూసుకోవే. అల్లనీ."

పిన్ని నోరు మూసుకుంది. వెయ్యి ఇరవయ్యో కుట్టు పడిన రోజు బాబాయ్ చివరలు కలిపాడు. ఏడు గజాల వలయం. నాలుగు కుర్చీలు నాలుగు మూలల్లో పెట్టి దాని చుట్టూ తగిలించి, మధ్యలో నేల మీద టీ గ్లాసు పెట్టి చూశాడు. చెరువులో చెంచా పడేసినట్టుంది.

"ఏమే, గ్లాసుకి ఇంతెందుకంటావ్?"

"అమ్మ రాసిందంటే ఏదో ఉంటుందండి."

"ఉతికితే ముడుచుకుంటుందేమో."

"ముడుచుకుంటుందండి" అంది పిన్ని, కిటికీ వైపు తిరిగి.

తర్వాత వరసలు. వరసకి వెయ్యి ఇరవై పొట్టి కుట్లు. రెండో వారంలో ఒక రోజు ఒళ్లంతా చీమలు పాకినట్టయి, చెమటలు పట్టి, రెండుసార్లు లేవబోయాడు. కానీ ఆరొందల నలభై మూడో కుట్టులో ఉన్నాడు, ఇప్పుడు లేస్తే లెక్క పోతుంది. ఏడొందలయ్యాక లేద్దామనుకున్నాడు. ఏడొందలయ్యేసరికి ఆ చీమలు పోయాయి. ఊలు ఉండ దొర్లిపోకుండా చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకునేవాడు. సిగరెట్టు పెట్టె ఉండే జేబు అదే.

ఆపరేషన్‌కి ముందు రోజు పొద్దున, నాలుగో వరస ఇంకో వంద కుట్లలో ముగుస్తుందనగా, పక్క వాటా టైలరమ్మ కుర్చీ అడగడానికి వచ్చింది. నాలుగు కుర్చీలూ పనిలో ఉన్నాయి.

"ఇదేంటి బాబాయ్, బావికి వలా?"

"గ్లాసు తొడుగు."

టైలరమ్మ గ్లాసు చూసింది, వలయం చూసింది, చీటీ తీసుకుని చూసింది. ఆవిడా అత్తగారి శిష్యురాలే, ఆవిడ దగ్గరా అదే చీటీ ఉంది. "అయ్యో రాత! గొలుసు వెయ్యి, అంటే వెయ్యమని! ఇరవై కుట్లు! ఇరవయ్యే బాబాయ్!" అంటూ గోడకి జారబడి, కుర్చీ లేకుండానే కూర్చుంది.

బాబాయ్ పెళ్లాం వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"మూడో రోజే తెలుసండి."

"మరి చెప్పవే?"

"చెప్తే ఆపేసేవారు. ఆపేస్తే..." అని రెండు వేళ్లు మూతి దగ్గర పెట్టుకుని పొగ వదిలినట్టు చూపించింది.

బాబాయ్ అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, ఇరవై రెండేళ్లలో నన్నెప్పుడైనా రా, పో, వెయ్యి, తియ్యి అన్నారా?"

"అయ్యయ్యో, అవేం మాటలండీ!"

"మరి మీరు రాసిన చీటీలో వెయ్యి అని ఉంటే నన్నన్నారనుకుంటానా? అంకె అనుకుంటానా?"

"అది అందరికీ ఇచ్చే చీటీ అండి బాబూ. మీకు విడిగా 'అండి' తగిలించి రాయాల్సిందండి. తప్పు నాదేనండి" అంది ఆవిడ. 'అండి' దగ్గర గొంతు వణికింది. ఏడుపు కాదని ఆయనకీ తెలుసు.

ఫోన్ మంచం మీద విసిరేసి విసురుగా లేచాడు. ఒళ్లోంచి సూది నేల మీద పడిందని చూసుకోలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి మెట్లు దిగాడు, రోడ్డు దాటాడు, ఎదురుగా ఉన్న కొట్టు ముందు నిలబడ్డాడు. కొట్టతను ఏమీ అడక్కుండా పై అరలోంచి పెట్టె తీశాడు. చెయ్యి తిన్నగా దాని మీదికే వెళ్లింది.

"ఏమైపోయావ్ బాబాయ్ ఇన్నాళ్లూ?" అన్నాడు కొట్టతను. "అవునూ, ఆ తోకేంటి?"

బాబాయ్ కిందికి చూశాడు. జేబు బొత్తాం కింద ఇరుక్కున్న ఆకుపచ్చ దారం బయటికొచ్చి, రోడ్డు దాటి, ఆగి ఉన్న స్కూటర్ అద్దం మీంచి, గేటులోంచి, మెట్ల మీదికి పోయింది. అప్పుడే మేడ మీదనుంచి పిన్ని కేక వినపడింది.

"ఏమండీ! నాలుగో వరస ఊడిపోతోందండీ! టకటకా ఊడిపోతోంది!"

స్కూటరతను బండి స్టార్ట్ చేశాడు.

"ఆపరా బాబూ!" బాబాయ్ పెట్టె వదిలేసి గావుకేక పెట్టాడు. "కదిలించావో, నెల రోజుల పని! ఓ అమ్మా, మీరూ ఆగండి, దారం తొక్కకండి!"

రోడ్డు ఆగిపోయింది. బాబాయ్ దారం ఉండ చుట్టుకుంటూ, వంగి వంగి, అద్దం మీంచి జాగ్రత్తగా తప్పించి, ఇంటి మెట్లెక్కాడు. "పెట్టె వద్దా?" అని వెనకనుంచి కొట్టతను అరిచాడు. "చేతులు ఖాళీ లేవయ్యా!" అని తిరిగి చూడకుండానే అరిచాడు బాబాయ్.

పిన్ని కుర్చీల మధ్య నిలబడి, ఊడిన చోట వేలు నొక్కి పట్టుకుని ఉంది.

"ఎన్ని పోయాయి?"

"ఎనిమిదొందలకి పైనేనండి." వేలు తియ్యకుండానే, "పోనీ వదిలేద్దాం, ఎలాగూ గ్లాసుకి..." అంది.

"పలక మీదికెక్కిన లారీని తూచకుండా దింపుతానా? సూదేది?"

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి కొంత, మర్నాడు ఆస్పత్రి బెంచీ మీద మిగతాది అల్లాడు. వలయం సంచిలో పట్టక పిన్ని మెడలో నాలుగు మడతలు వేసుకుని కూర్చుంది. ఆఖరి కుట్టు పడేసరికి లోపలికి పిలిచారు.

డాక్టరు దగ్గరికొచ్చి ఊపిరి వదలమన్నాడు. వాసన చూశాడు. చొక్కా కాలర్ దగ్గర చూశాడు. వేళ్లు కూడా చూశాడు.

"ఎన్నాళ్లయింది మానేసి?"

"నాలుగు వరసలండి" అన్నాడు బాబాయ్. "నాలుగోది రెండుసార్లు."

డాక్టరు పిన్ని వైపు చూశాడు, ఆవిడ మెడ వైపు చూశాడు.

"అదంతా పెద్ద కథండీ" అంది పిన్ని. "ముందు మీరు కుట్లు వేసెయ్యండి."