దానయ్య తాడు లాగితే ఎన్ని కేలరీలు?

రెండువేల నాలుగో సంవత్సరం. పలాస–కాశీబుగ్గలో ఒక లేడీ డాక్టరు గారి షుగర్ క్లినిక్‌లో నేను కంపౌండరుని. పొద్దున్న తలుపు తీసేసరికి వీధి చివరిదాకా జనం బారులు తీరి ఉండేవారు. సరే, వీధి చివరంటే మా మెట్ల చివర. అయినా మెట్లు నిండేవి, అది మాత్రం నిజం.

ఆ ఏడాది మా క్లినిక్‌కి పెడోమీటర్ అనే వస్తువు వచ్చింది. అగ్గిపెట్టెంత డబ్బీ. నడుముకి తగిలించుకుంటే, అడుగు పడ్డప్పుడల్లా లోపలి చిన్న మీట ఎగిరిపడి అంకె పెరుగుతుంది. ఆ అడుగుల్ని బట్టి ఒంట్లో ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో కూడా చూపిస్తుంది. కేలరీ అంటే తిండిలోని శక్తికి కొలత. ఇప్పుడు మీ చేతి వాచీ, ఫోన్లో యాప్ కలిసి చేస్తున్న లెక్కని అప్పట్లో ఆ డబ్బీ ఒక్కటే నెత్తినేసుకుంది.

పేషెంట్లకి వంతులవారీగా ఇచ్చేవాళ్ళం. ఊళ్ళో అదో తిరనాళ్ళయిపోయింది! జీడిపప్పు వ్యాపారి ఒకాయన అది పెట్టుకుని స్కూటర్ మీద మందస వెళ్ళొచ్చాడు. రోడ్డు గతుకులన్నీ అడుగులుగా పడిపోయాయి. "చూశారా, ఎంత నడిచేసానో!" అని ఆ సంతోషంలో మిఠాయి తినేసి మరీ వచ్చాడు.

అలాంటి రోజుల్లో వచ్చాడు దానయ్య. సోంపేట దాటాక సముద్రపొడ్డు పల్లె అతనిది. బక్కపల్చటి మనిషి, యాభై దాటిన వయసు, ఒంట్లో షుగరు. పని పెద్ద వల లాగడం. పడవ మీద వెళ్ళి వలని సముద్రంలో అర్ధచంద్రాకారంగా పరిచి, రెండు చివరల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకి కొంతమంది పట్టి, వెనక్కి వాలి, అంగుళం అంగుళంగా లాగుతారు. తాడుకి మొదటివాడు నడుములోతు నీళ్ళలో నిలబడాలి. ఆ చోటు దానయ్యది.

డాక్టరమ్మ అతనికి మాత్రలు రాసి, వారంపాటు పెడోమీటర్ ఇచ్చారు. తాడు లాగేటప్పుడు తడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టుకున్నాడు. తిరిగి తెచ్చినప్పుడు చూస్తే, కేలరీలు మా వీధి రిటైర్డు గుమస్తా గారి సాయంత్రం షికారంత కూడా లేవు.

"రోజంతా కష్టపడతానంటావు, మీటరు అలా అనట్లేదే" అన్నారావిడ. పొద్దుటి చద్దన్నం సగం చేయించారు.

రెండు వారాలకి అతని భార్య నూకాలమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, బల్లమీదున్న డబ్బీని వేలెత్తి చూపించింది.

"డాట్రమ్మా, ఇదేటి సెప్పిందో గానీ మా మనిషి నీల్లలో కూలిపోనాడు. ఎనకనున్నోలు జుత్తట్టుకుని గట్టుకీడిసినారు. ఒల్లంతా సెమట, వొణుకు. పంచదార నీల్లు పోస్తే గాని కల్లు తెరవలేదు."

లో షుగర్! మాత్ర పనిచేస్తోంది, కష్టం ఒంట్లో చక్కెరని తినేస్తోంది, తిండేమో మేమే తగ్గించాం.

దానయ్య మాత్రం పడిపోయినందుకు కాదు, ఇంకోదానికి కుంగిపోయాడు. "మా బావ అప్పన్నే వల పెద్ద. ఇంకోపాలి పడితే తాడు ముట్టుకోనివ్వనన్నాడు. తాడు ముట్టుకోకపోతే నానేటి సేత్తాను బాబూ? గట్టుమీద కూకుని ఎండు సేపల కాడ కాకుల్ని తోల్తానా?"

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. వెంటనే మాత్ర తగ్గించారు, చద్దన్నం పూర్తిగా తినమన్నారు, తేలేదాకా నీళ్ళలోకి దిగొద్దన్నారు. తేలాల్సింది ఒకటే: తాడు లాగడానికి నిజంగా ఎంత ఖర్చవుతోంది? ఎక్కువ తింటే షుగరు పైకి, తక్కువ తింటే మనిషి నీళ్ళలోకి.

విశాఖపట్నంలో ఆటగాళ్ళకి శిక్షణనిచ్చే తమ్ముణ్ణి అడిగి ఆవిడ హార్ట్ రేట్ మానిటర్ తెప్పించారు. ఛాతీకి ఒక పట్టీ, చేతికి ఒక వాచీ. పట్టీ గుండె కొట్టుకోవడాన్ని పసిగడితే, వాచీ వయసూ బరువూ చూసుకుని కేలరీలు కడుతుంది. అది పట్టుకుని పల్లెకి వెళ్ళే పని నాకు పడింది. అంతకు ముందురోజు సాయంత్రం నేనే దాన్ని కట్టుకుని కాశీబుగ్గ బజారంతా దొరలా తిరిగాననుకోండి!

ఒడ్డున పట్టీ బిగిస్తుంటే అప్పన్న నడుమ్మీద చెయ్యేసుకుని చూశాడు.

"ఏటి కంపౌండరు బావా, మా బావకి ఆడోల్ల బాడీ తొడుగుతన్నావేటి?"

తాడు దగ్గర ఆడా మగా అంతా పగలబడి నవ్వారు. నూకాలమ్మ కూడా.

"నవ్వండర్రా, నవ్వండి! ఇది కట్టుకుంటే నా గుండె ఏటంతాదో తెలుస్తాదంట" అన్నాడు దానయ్య.

"నీ గుండె ఏటంతాది, మా సెల్లి పేరే అంతాది" అన్నాడు అప్పన్న.

ఆ రోజు దానయ్యకి తాడు చివర, పొడి ఇసుకలో చోటిచ్చారు. నడుముకి పెడోమీటర్ కూడా పెట్టాను. లాగడం మొదలైంది. అప్పుడు చూశానండీ అసలు సంగతి! మడమలు ఇసుకలో దిగేస్తారు, ఒళ్ళంతా వెనక్కి వాలుస్తారు. పాదం లేవదు, ఇసుకలో జారుతుంది. నడుముకి కుదుపే లేదు. కుదుపు లేకపోతే డబ్బీలో మీట కదలదు. డబ్బీ దృష్టిలో దానయ్య కుర్చీలో కూర్చున్నట్టే! ఇటు వాచీలో గుండె అంకె మెట్లెక్కినట్టు ఎక్కుతోంది.

ఆ ఊపులో నేనూ తాడందుకుని వల మొత్తం ఒడ్డుకి ఈడ్చేశాను. నిజం చెప్పాలంటే తాడే నన్ను ఈడ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు నా రెక్క పట్టుకుని తీసుకెళ్ళి పడవ నీడన కూర్చోబెట్టారు.

ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా! డబ్బీ చెప్పినదానికి పదింతలు!"

అటునుంచి ఆవిడ అడిగారు: "వాచీలో బరువు ఎవరిది పెట్టావు?"

నాదే ఉండిపోయింది. ఆ రోజుల్లో నాలో దానయ్యలు దాదాపు ఇద్దరు పట్టేవారు. వయసూ నాదే.

మర్నాడు దానయ్యని కాటా ఎక్కించి, అతని బరువూ వయసూ పెట్టి మళ్ళీ చూశాం. ముందురోజు చెమటకి తడిసి పనిచేసింది గానీ, ఈసారి పట్టీ పొడిగా ఉండి గుండె అందక వాచీలో గీతలే పడుతున్నాయి. నీళ్ళతో తడిపి బిగించాక అంకెలొచ్చాయి. పదింతలు కాదు, నాలుగింతలు. "అదీ పూర్తిగా నమ్మకు. ఎండకీ భయానికీ కూడా గుండె పరిగెడుతుంది" అన్నారు ఫోన్లో డాక్టరమ్మ. అందుకని వేలికొసన నెత్తురు చుక్క తీసి షుగరు కూడా చూశాను. తాడు ముందుకీ తాడు తర్వాతకీ బాగా దిగింది. వాచీ, షుగరు మీటరు రెండూ ఒకే మాట చెప్పాయి.

ఆవిడ అతని తిండిని రెండు రకాలుగా రాశారు. వల పడే రోజు ఒకటి, సముద్రం పోటు మీదుండి వల పడని రోజు ఇంకొకటి. వల రోజున లాగడానికి ముందే కడుపునిండా చద్దన్నం, మధ్యలో ఒక అరటిపండు. వణుకు పుడితే వెంటనే నోట్లో వేసుకోడానికి నడుం దగ్గర ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బెల్లం ముక్క.

అప్పన్న ఒప్పుకోడానికి టైం పట్టింది. నేను మళ్ళీ వెళ్ళిన ఓ పొద్దున్న "సరే, దిగు. పడ్డావంటే ఇదే ఆకరు" అన్నాడు. దానయ్య నడుములోతుకి వెళ్ళి తాడు మొదట్లో నిలబడ్డాడు. ఒక కెరటం వచ్చి తల మీదుగా పోయింది. నూకాలమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మనిషి కనబడలేదు. మళ్ళీ తల లేచింది, చేతుల్లో తాడు అలాగే ఉంది. వల ఒడ్డెక్కేసరికి కవళ్ళ చేపలు వెండిలా ఎగిరిపడుతున్నాయి. దానయ్య తడి ఒంటితో గట్టెక్కి అప్పన్న ఎదురుగా నిలబడ్డాడు.

"సూసినావా బావా?"

"సూసినాన్లే. రేపు పెందరాలే రా" అన్నాడు అప్పన్న, మొహం పక్కకి తిప్పుకుని.

ఆ కేసు నాకు నేర్పింది ఇదీ. ఒంటికి కట్టుకున్న యంత్రం ఏ కదలికని చూస్తుందో, దేన్ని చూడలేదో తెలుసుకోకుండా అది చూపించిన అంకెతో మనిషి కంచంలో చెయ్యి పెట్టకూడదు. ఆ తర్వాత మా క్లినిక్‌లో ఎవరికి ఏ మీటరు ఇచ్చినా డాక్టరమ్మ ముందు ఒకటే అడిగేవారు: "నీ పని ఒకసారి ఇక్కడ చేసి చూపించు."