నాన్న ఎంచుకున్న స్పీకర్లు

మా చిన్నప్పుడు మా వీధిలో మెల్లగా మాట్లాడే ఇల్లే ఉండేది కాదు... రాయపూర్ శివార్లలో, సిల్తారా ఇనుము ప్లాంట్ల పక్కన, పని కోసం వలస వచ్చినవాళ్ల బస్తీ మాది. అన్నం దగ్గర అమ్మ నాన్నతో మాట్లాడితే పక్కింటి దీదీ గోడ మీదుగా తొంగి చూసి, "కా హోగే, ఝగరా హోవత హే కా?" అని నవ్వేది. గొడవేమీ లేదు... పప్పులో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడుగుతోంది, అంతే.

"మీ నాన్నవి ప్లాంటు చెవులే" అనేది అమ్మ. మా బస్తీలో అది జబ్బు కాదు. చేతులు కాయలు కాసినట్టే చెవులూ మొద్దుబారతాయి అనుకునేవాళ్లం. నాన్న పని కొలిమికి గాలి కొట్టే పెద్ద బ్లోయర్ పక్కన. చెవులకు రక్షణ అంటే... అమ్మ ఇంటి నుంచి ఇచ్చి పంపిన దూది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవంలో మైకు ముందు మాట్లాడాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఆ రోజు నాన్నకు డ్యూటీ... రాలేకపోయారు. స్కూలువాళ్లు సీడీ ఇచ్చారు. ఎవరో వాడి ఇచ్చిన కంప్యూటరు ఇంట్లో ఉంది గానీ దానికి స్పీకర్లు లేవు. "పిల్ల మాట నాను ఇనాల" అంటూ నాన్న నన్ను షాపుకు తీసుకెళ్లారు.

షాపతను రెండు సెట్లు ముందు పెట్టాడు. ఒకటి అరచేతిలో పట్టేంత చిన్న జత. రెండోదానికి పెద్ద ఊఫర్ పెట్టె. మా సీడీనే వేయమన్నాను. చిన్న జతలో నా గొంతు శుభ్రంగా, ప్రతి అక్షరం విడివిడిగా వినిపించింది. ధర కూడా తక్కువే.

"ఇది చాలు నాన్నా!" అని అరిచాను.

నాన్న ముఖంలో ఏ మార్పూ లేదు. "దీనికి గొంతే నేదే తల్లీ... గాలొస్తంది, మాట రావట్నేదు."

"చాచా, బేస్ చాహియే బేస్!" అంటూ షాపతను రెండో సెట్టులో సీడీ వేసి ఊఫర్ అదురు పెంచాడు. నా మాటలు కుండలోంచి వచ్చినట్టు... ఏదీ స్పష్టంగా లేదు. నాన్న పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. ప్లాంటులో మోటారు సరిగ్గా తిరుగుతోందో లేదో అలాగే చూస్తారు. చెయ్యి అదిరేసరికి ముఖం వెలిగిపోయింది.

"అద్గదీ! ఇప్పుడు పలికింది నా కూతురు. ఇదే బరాబర్!"

ఇంటికొచ్చాక సీడీ అయిపోయేదాకా నాన్న పెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

"ఏటి మాటాడిందీ?" అని అమ్మ వంటింట్లోంచి అరిచింది.

"బాగా మాటాడింది."

"బాగా అంటే? దేని గురించీ?"

"అన్నిటి గురించీను" అన్నారు నాన్న. అమ్మ పడీ పడీ నవ్వింది.

నేను మాట్లాడింది మా నాన్న గురించి.

చాలా ఏళ్ల తర్వాత నాకు ఉద్యోగం వచ్చాక నాన్నను చెవుల డాక్టరుకు చూపించాను. సన్నటి శబ్దాలు ఎప్పుడో పోయాయట... మాటల్లో అక్షరాలు అందవట, అదురు మాత్రం తెలుస్తుందట. ఆ మాట ప్లాంటుకు తెలియగానే, చెవులు వినబడని మనిషి లోపల ఉంటే ప్రమాదం అని పని మాన్పించేశారు. ఆ చెవులు ఎక్కడ పోయాయని అడగడానికి వెళ్తే నన్ను గేటు దగ్గరే ఆపేశారు.

ఇప్పుడు ఫోను తెరిస్తే స్పీకర్ల పోలికలే... ఏది స్పష్టం, ఏది పెట్టిన డబ్బుకు తగినది అని. వినే చెవి ఎలాంటిదో ఎవరూ రాయరు. మీ ఇంట్లోనూ టీవీ సౌండు ఇంకా పెంచమనే మనిషి ఉంటే ఈ పోస్టు కింద రాయండి... ముందు డాక్టరుకు చూపించి రాయండి.

మాటల్ని అక్షరాలుగా మార్చే ఫోన్లు కూడా వచ్చాయి. మొన్న ఒకటి నాన్న ముందు పెట్టి మాట్లాడాను. నా మాటలన్నీ తెర మీద వరసగా పడ్డాయి, ఒక్కటీ తప్పు లేకుండా... నాన్న వాటిని చూశారు, నన్ను చూసి నవ్వారు.

ఆయనకు చదవడం రాదు.